మైల్డ్ హైబ్రిడ్ కారు: కంపెనీ లెక్క, అనంతపురం కొనుగోలుదారు లెక్క

2017 జూలై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చినప్పుడు మారుతి సుజుకి తన కార్లలో చాలావాటి ధరలను 3 శాతం దాకా తగ్గించింది. ఇంజిన్‌కు చిన్న ఎలక్ట్రిక్ మోటారు సాయపడే మైల్డ్ హైబ్రిడ్ రకాలైన సియాజ్ డీజిల్, ఎర్టిగా డీజిల్ ధరలను మాత్రం లక్ష రూపాయలకు పైగా పెంచింది. ముందురోజు షోరూంలో ఉన్న సియాజ్‌కూ, ఆ మరునాటి సియాజ్‌కూ ఒక్క నట్టు కూడా తేడా లేదు. అప్పటిదాకా హైబ్రిడ్ వాహనాలకు ఎక్సైజ్ సుంకం 12.5 శాతమే, వ్యాట్ లాంటివన్నీ కలిపినా పన్ను సుమారు 30 శాతం; కొత్త విధానంలో 28 శాతం జీఎస్టీ, దానిమీద 15 శాతం సెస్సు కలిసి 43 శాతమైంది. అంతకు మూడు నెలల ముందే, 2017 ఏప్రిల్ 1 నుంచి, ఎలక్ట్రిక్, హైబ్రిడ్ వాహనాలను ప్రోత్సహించే ఫేమ్ పథకంలో కేంద్రం మైల్డ్ హైబ్రిడ్లకు ఇస్తున్న రాయితీని ఆపేసింది. సియాజ్ కొన్నవారికి ఆ రాయితీ కింద 13,000 రూపాయలు వచ్చేవి.

మైల్డ్ హైబ్రిడ్ అనే సరుకు మన మార్కెట్లోకి ఎందుకు వచ్చిందో, ఎందుకు నిలిచిందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం లేదు. ఈ సాంకేతికతను మార్కెట్లో నిలబెట్టింది ప్రధానంగా పన్ను శ్లాబులూ, కాలుష్య పరీక్షలూ. కొనుగోలుదారు కోరిక ఆ తర్వాతిది. అందువల్ల కంపెనీకి దీనివల్ల కలిగే మేలు కచ్చితమైనది, కాగితం మీద కొలవదగినది. కొన్నవారికి కలిగే మేలు మాత్రం వాళ్లు ఏ ఊళ్లో, ఏ కాలంలో, ఏ రోడ్డు మీద తిరుగుతారన్న దాన్ని బట్టి మారిపోతుంది. అనంతపురం, కర్నూలు, కడపల్లో కారు కొనేవారికి ఈ తేడా తెలిసి ఉండడం చాలా అవసరమని నా అభిప్రాయం, ఎందుకంటే మన ఎండలూ మన రోడ్లూ ఈ యంత్రానికి అంతగా అనుకూలించేవి కావు.

ముందు యంత్రం సంగతి చూద్దాం. మామూలు కారులో ఇంజిన్‌ను తిప్పి లేపడానికి స్టార్టర్ మోటారు ఒకటి, నడుస్తున్నప్పుడు బ్యాటరీని చార్జ్ చేయడానికి ఆల్టర్నేటర్ ఒకటి ఉంటాయి. మైల్డ్ హైబ్రిడ్‌లో బెల్టుతో ఇంజిన్‌కు కలిపిన ఒకే యంత్రం ఆ రెండు పనులూ చేయగలదు. దాన్ని ఇంటిగ్రేటెడ్ స్టార్టర్ జనరేటర్ అంటారు. సిగ్నల్ దగ్గర కారు ఆగితే ఇంజిన్‌ను ఆపి, క్లచ్ తొక్కగానే చప్పుడూ కుదుపూ లేకుండా మళ్లీ లేపడం దాని మొదటి పని. బ్రేకు వేసినప్పుడు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వృథాగా పోయే శక్తిలో కొంత పట్టుకుని బ్యాటరీలో దాచడం రెండోది. కారు ఊపందుకునే క్షణంలో ఇంజిన్‌కు కాస్త చేయి వేయడం మూడోది. ఇక్కడ మరిచిపోకూడని విషయం ఏమిటంటే, ఈ మోటారు ఒంటరిగా చక్రాలను తిప్పలేదు. కారును ముందుకు లాగాల్సినంతసేపూ ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, పెట్రోలు కాలుతూనే ఉంటుంది.

శక్తి ఎంత చిన్నదో లెక్కేస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. సుజుకి 2018 నుంచి సియాజ్, ఎర్టిగా పెట్రోలు కార్లలో మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి తోడుగా 12 వోల్టుల, 6 ఆంపియర్ అవర్ల లిథియం అయాన్ బ్యాటరీని పెట్టింది. అంటే అందులో పట్టే శక్తి 72 వాట్ అవర్లు. మన ఇంట్లో సీలింగ్ ఫ్యాను సుమారు ఒక గంట తిరిగితే అయిపోయేంత. 1,200 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలో ఉండే గతిశక్తి సుమారు 46 వాట్ అవర్లు. ఆ కారు 8 సెకన్లలో ఆగాలంటే సగటున 20 కిలోవాట్ల చొప్పున శక్తిని ఎక్కడికో పంపాలి. రెండు కిలోవాట్ల జనరేటర్ అందులో పదో వంతును పట్టుకోగలిగితే గొప్ప. తక్కిన తొమ్మిది వంతులు ఎప్పటిలాగే బ్రేకు డిస్కుల వేడిగా పోతాయి.

మరి పెద్ద మోటారు ఎందుకు పెట్టరంటే, 12 వోల్టుల దగ్గర రెండు కిలోవాట్లు కావాలన్నా 160 ఆంపియర్లకు పైగా కరెంటు పారాలి. తీగలు లావవుతాయి, వేడెక్కుతాయి. అదే శక్తిని 48 వోల్టుల దగ్గర పంపితే కరెంటు నాలుగో వంతుకు తగ్గుతుంది. యూరప్ కంపెనీలు 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్లకు మళ్లడానికి ఇదొక కారణం. 60 వోల్టులు దాటితే హైవోల్టేజీ భద్రతా నిబంధనలన్నీ వచ్చి పడతాయి కనుక ఆ గీతకు లోబడి ఉండాలనుకోవడం మరో కారణం. మన దేశంలో 2019లో వచ్చిన ఎంజీ హెక్టర్ హైబ్రిడ్ ఈ 48 వోల్టుల రకమే. అవసరమైనప్పుడు అదనంగా 20 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చేది. కంపెనీ ప్రకటించిన మైలేజీ పెట్రోలు మాన్యువల్‌కు 14.16 కిలోమీటర్లు, హైబ్రిడ్‌కు 15.81. ఆ వేరియంట్‌ను తర్వాత ఆపేశారు. టయోటా 2025లో ఫార్చునర్ డీజిల్‌కు 48 వోల్టుల వ్యవస్థను జోడించింది గానీ, అది 40 లక్షలు దాటిన బండి. అంత పెట్టేవారికి మైలేజీ మొదటి ప్రశ్న కాదు.

స్ట్రాంగ్ హైబ్రిడ్ పూర్తిగా వేరే జాతి. 2022 సెప్టెంబరులో వచ్చిన గ్రాండ్ విటారాలో రెండూ దొరుకుతాయి కాబట్టి పోల్చడం సులువు. దాని స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో 177 వోల్టుల, 0.76 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉంది. మైల్డ్ హైబ్రిడ్ చిన్న బ్యాటరీకి పది రెట్లు. ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజిన్ ఆగిపోయి మోటారు ఒక్కటే కారును లాగుతుంది. ప్రకటించిన మైలేజీ మైల్డ్ హైబ్రిడ్ మాన్యువల్‌కు 21.11 కిలోమీటర్లు, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 27.97. షోరూంకు వెళ్లేవారిలో కొందరు రెండో అంకెను మనసులో పెట్టుకుని మొదటి కారును బుక్ చేసుకుంటున్నారు. ఒకే కారు, ఒకే ఆకారం, ఒకే ప్రకటన బోర్డు. ఆ పొరపాటుకు కొనేవారిని తప్పుపట్టలేం. రెండింటికీ తేడా వివరించాల్సిన బాధ్యత అమ్మేవారిదే, ఆ బాధ్యతను వాళ్లు సరిగ్గా నిర్వర్తించడం లేదనే నేను అంటాను.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మే నెల మధ్యాహ్నం రెండు గంటలప్పుడు అనంతపురం టవర్ క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్ వైపు కారులో పోతున్నారనుకుందాం. బయట 41, 42 డిగ్రీలు. ఏసీ నిండుగా తిరుగుతోంది. ఈ కార్లలో ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఇంజిన్ బెల్టే. ఇంజిన్ ఆగితే చల్లదనం ఆగుతుంది. అందుకే లోపలి వేడి ఒక హద్దు దాటి ఉన్నప్పుడు ఇంజిన్‌ను ఆపకూడదని కారులోని కంప్యూటరే నిర్ణయించుకుంటుంది. దానికి తోడు మాన్యువల్ గేర్ల కారులో ఇంజిన్ ఆగాలంటే గేరును న్యూట్రల్‌కు తెచ్చి క్లచ్ పూర్తిగా వదలాలి. ముందున్న షేర్ ఆటో ఎప్పుడు ఆగుతుందో, పక్క సందులోంచి ఏ బైకు దూరుతుందో తెలియని చోట మన డ్రైవర్లు ఫస్ట్ గేరులో సగం క్లచ్ మీదే బండిని పాకిస్తారు. మార్చి నుంచి జూన్ దాకా, అంటే ఏడాదిలో మూడో వంతు, మైల్డ్ హైబ్రిడ్‌కు ఉన్న అతి పెద్ద ఆయుధం మన ఊళ్లలో ఇలా ఒరలోనే ఉండిపోతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు ఈ చిక్కు తక్కువ, ఎందుకంటే దాని కంప్రెసర్ పెద్ద బ్యాటరీ కరెంటుతోనే తిరుగుతుంది.

హైవే మీద పరిస్థితి మరోలా ఉంటుంది. అనంతపురం నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద 210 కిలోమీటర్ల చిల్లర. పెనుకొండ, కొడికొండ, బాగేపల్లి మీదుగా ఒకే వేగంతో పోయే కారు ఆగదు, బ్రేకు వేయదు. పట్టుకోవడానికి శక్తీ లేదు, ఆపడానికి ఇంజిన్‌కు సందూ లేదు. దేవనహళ్లి దాటి హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్నాక గానీ ఈ యంత్రానికి పని దొరకదు. అక్కడ వాతావరణం చల్లన, బండి ఆగాల్సిన సందర్భాలు ఎక్కువ, కాబట్టి అది నిజంగానే పెట్రోలు మిగులుస్తుంది. బెంగళూరు బంధువులు చెప్పిన మైలేజీని నమ్మి కొన్నవారు ఇక్కడ ఆ అంకె రాలేదని సర్వీసు సెంటర్‌తో గొడవ పడడానికి మూలం ఇదే. కారులో లోపమేమీ లేదు. ఆ ఊరి ట్రాఫిక్‌కు పనికొచ్చిన గుణం ఈ ఊళ్లో పనికి రాలేదు, అంతే.

ఘాట్ రోడ్ల మీద కూడా ఆశించినంత రాదు. రాయచోటి నుంచి కడపకు వచ్చేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ దిగే చోట, దిగుడంతా బ్యాటరీ నిండుతుంది కదా, బోలెడు కలిసొస్తుంది కదా అనుకోవడం సహజం. కానీ రెండు కిలోవాట్ల చొప్పున నింపితే 72 వాట్ అవర్ల బ్యాటరీ ఖాళీగా ఉన్నా రెండు నిమిషాల్లో నిండిపోతుంది. ఆ తర్వాత ఘాట్ అంతా ఎప్పటిలా గేర్ల మీదా బ్రేకుల మీదా దిగడమే.

మన రోడ్ల మీద ఇంత తక్కువ ఫలితం ఇచ్చే యంత్రం కంపెనీ ప్రకటనలో అంత మంచి అంకె ఎలా చూపిస్తుందన్నది అసలు ప్రశ్న. మైలేజీ పరీక్ష రోడ్డు మీద జరగదు. ప్రయోగశాలలో కారును రోలర్ల మీద నిలబెట్టి, ముందే నిర్ణయించిన వేగాల పట్టిక ప్రకారం నడిపిస్తారు. మన దేశపు పట్టిక పాత యూరప్ పట్టికను పోలినదే, గరిష్ఠ వేగాన్ని మాత్రం 90 కిలోమీటర్లకు తగ్గించారు. అందులో కారు కదలకుండా నిలబడి ఉండే సమయం దాదాపు నాలుగో వంతు. నిలబడినప్పుడల్లా ఇంజిన్ ఆగే కారుకు ఆ పరీక్ష పుట్టిల్లు లాంటిది. ఇందుకు గట్టి సాక్ష్యం కియా కంపెనీయే ఇచ్చింది. 2018లో యూరప్‌లో స్పోర్టేజ్ డీజిల్‌కు 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ జోడించినప్పుడు, కార్బన్ డయాక్సైడ్ పాత పరీక్ష ప్రకారం 7 శాతం దాకా, రోడ్డుకు దగ్గరగా ఉండే కొత్త పరీక్ష ప్రకారం 4 శాతం దాకా తగ్గుతుందని ప్రకటించింది. కారు ఒకటే, యంత్రం ఒకటే. పరీక్ష మారేసరికి లాభం సుమారు సగానికి దిగింది.

అయితే కంపెనీకి ఆ పరీక్షాఫలమే ప్రాణం. మన దేశంలో 2017-18 నుంచి కేఫ్ నిబంధనలు అమల్లో ఉన్నాయి. ఒక కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకు మొదటి దశలో 130 గ్రాముల దగ్గర, 2022-23 నుంచి రెండో దశలో 113 గ్రాముల దగ్గర ఉండాలి. కార్ల సగటు బరువును బట్టి ఆ హద్దు కొంత అటూఇటూ అవుతుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మారుతి 2023లో బ్రెజా మాన్యువల్ వేరియంట్ల నుంచి మైల్డ్ హైబ్రిడ్‌ను తీసేసి, తర్వాత పై వేరియంట్లకు మాత్రం తిరిగి ఇచ్చింది. అందువల్ల ఒకే ఇంజిన్‌తో రెండు అంకెలు పక్కపక్కనే దొరికాయి: దిగువ వేరియంట్లకు 17.38 కిలోమీటర్లు, పై వేరియంట్లకు 19.89. గ్రాముల్లోకి మార్చుకుంటే సుమారు 132 నుంచి 116కు దిగినట్టు. ఒక చిన్న మోటారు, ఒక చిన్న బ్యాటరీతో పరీక్షలో కారుకు 16 గ్రాములు తగ్గుతాయంటే, లక్షల కార్లు అమ్మే కంపెనీకి అంత చవకైన మందు మరొకటి ఉండదు. పైగా ఆగినప్పుడు ఇంజిన్ ఆపే వ్యవస్థకూ, బ్రేకు శక్తిని తిరిగి పట్టే వ్యవస్థకూ ఆ నిబంధనల్లోనే విడిగా కొంత వెసులుబాటు ఉంది; మైల్డ్ హైబ్రిడ్ ఆ రెండింటినీ ఒకే దెబ్బతో సంపాదిస్తుంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ ఇంజిన్లను మానేసింది. అంతవరకూ పెద్ద కార్ల మైలేజీ భారాన్ని మోసింది డీజిలే. ఎర్టిగా, బ్రెజా లాంటి బరువైన బండ్లను పెట్రోలుతో నడుపుతూ సగటును నిలబెట్టుకోవలసి వచ్చినప్పుడు మైల్డ్ హైబ్రిడ్ ఆ లోటును కొంత పూడ్చింది. ఇది మోసం కాదు. నిబంధన ఏది కొలుస్తుందో దానికి తగిన యంత్రాన్ని తయారు చేయడం పరిశ్రమ ధర్మం. నా అభ్యంతరమల్లా, నిబంధన కోసం చేసిన పనిని కొనుగోలుదారు జేబు కోసం చేసిన పనిగా చెప్పి అమ్మడం మీదే.

మన కళ్లెదుటే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. నిన్నమొన్నటి దాకా అనంతపురం జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కియా కర్మాగారం 2019లో సెల్టోస్‌తో మొదలైంది. యూరప్‌లో మైల్డ్ హైబ్రిడ్ అమ్ముతున్న ఆ కంపెనీ, ఎర్రమంచిలో చేసి ఇక్కడ అమ్మే సెల్టోస్, సోనెట్, కారెన్స్ కార్లకు ఆ వ్యవస్థ పెట్టకుండా, ఆగినప్పుడు ఇంజిన్ ఆపే సదుపాయంతో సరిపెట్టింది. యూరప్‌లో 2020 నుంచి 2024 దాకా 95 గ్రాముల హద్దు తరిమింది, ఆ తర్వాత అది ఇంకా బిగిసింది; దాటితే జరిమానా భారీగా ఉంటుంది. అక్కడ ఆ ఖర్చు తప్పదు. ఇక్కడ డీజిల్‌ను వదులుకోని కంపెనీకి ఆ తొందర లేదు. 2025 జూలైలో అదే కర్మాగారం నుంచి కారెన్స్ క్లావిస్ ఎలక్ట్రిక్ కారు వచ్చింది. ఎలక్ట్రిక్‌కు జీఎస్టీ 5 శాతమే. మైల్డ్ హైబ్రిడ్‌కు పన్నులో ప్రత్యేకమైన రాయితీ ఏదీ మిగల్లేదు. 2025 సెప్టెంబరు 22న శ్లాబులు మారిన తర్వాత కూడా 4 మీటర్ల పొడవు, 1,200 సీసీ పెట్రోలు హద్దులు దాటిన కారుకు, మైల్డ్ అయినా స్ట్రాంగ్ అయినా, 40 శాతమే. బ్రెజా పొడవు 4 మీటర్లలోపే ఉన్నా ఇంజిన్ 1,462 సీసీ కాబట్టి అది కూడా ఆ 40 శాతంలోనే పడుతుంది.

ఇక కొనేవారి లెక్క. లీటరు పెట్రోలు 110 రూపాయలు అనుకుందాం; మన రాష్ట్రంలో ధర ఎక్కువని బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు బాగేపల్లిలోనే ట్యాంకు నింపుకొస్తారన్నది అందరికీ తెలిసిందే. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగి కుటుంబానికి బ్రెజా రెండు అంకెల మధ్య తేడా కాగితం మీద 87 లీటర్లు, అంటే 9,500 రూపాయల చిల్లర. అందులో సగం చేతికొచ్చినా నెలకు 400 రూపాయలు. కాదనాల్సిన పని లేదు, కానీ దానికోసం వేరియంట్ మారి లక్షల్లో ఎక్కువ పెట్టడం దండగ. పై వేరియంట్‌లోని తక్కిన సదుపాయాలు కావాలనుకుంటే తీసుకోండి, దానితో పాటు వచ్చే మైల్డ్ హైబ్రిడ్‌కు మాత్రం మనసులో విలువ కట్టకండి.

మైలేజీ మీదే దృష్టి ఉన్నవారు స్ట్రాంగ్ హైబ్రిడ్ వైపు చూడాలి, అదీ కిలోమీటర్లు లెక్కేసుకున్నాకే. గ్రాండ్ విటారా విడుదలైనప్పుడు జీటా మైల్డ్ హైబ్రిడ్ ఆటోమేటిక్ 15.39 లక్షలు, జీటా ప్లస్ స్ట్రాంగ్ హైబ్రిడ్ 17.99 లక్షలు. తేడా 2.60 లక్షలు. ఆటోమేటిక్ మైలేజీ 20.58, స్ట్రాంగ్ హైబ్రిడ్ 27.97 అనుకుంటే 12,000 కిలోమీటర్లకు ఏడాదికి సుమారు 17,000 రూపాయలు మిగులుతాయి. పెట్టిన తేడా తిరిగి రావడానికి 15 ఏళ్లు. ఏడాదికి 25,000 కిలోమీటర్లు తిరిగే కాంట్రాక్టరుకో, ఊరూరా తిరిగే మెడికల్ ప్రతినిధికో అదే తేడా ఏడేళ్ల పైచిలుకులో తిరిగొస్తుంది. పై ధర వేరియంట్‌లో అదనపు సదుపాయాలు కూడా ఉంటాయి కనుక నిజమైన గడువు ఇంకొంచెం తక్కువే. స్ట్రాంగ్ హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉండడం ఈ లెక్కకు ఊతమిస్తుంది. కంపెనీలు మైల్డ్ హైబ్రిడ్‌ను తక్కువ ధర వేరియంట్లలో, స్ట్రాంగ్ హైబ్రిడ్‌ను ఎక్కువ ధర వేరియంట్లలో నిలబెట్టడం వెనకున్న ఆలోచన కూడా ఇదేననుకుంటాను: తక్కువ తిరిగేవారికి రెండోది గిట్టదు.

సెకండ్ హ్యాండ్ కొనేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. బెంగళూరు నుంచి మన ఊళ్లకు వచ్చే పాత కార్లలో 2015 తర్వాతి సియాజ్, ఎర్టిగా డీజిల్ మైల్డ్ హైబ్రిడ్లు కనిపిస్తూనే ఉంటాయి. మంచి బండ్లే, సియాజ్ మైలేజీని 26.21 నుంచి 28.09కి పెంచినట్టు అప్పట్లో ప్రకటించారు. వాటిలో చిన్న లిథియం బ్యాటరీ ఉండదు, భారమంతా పెద్ద లెడ్ యాసిడ్ బ్యాటరీ మీదే. పదేపదే ఇంజిన్‌ను లేపే పనికి తగిన బ్యాటరీ మామూలుదానికంటే ఖరీదు కాబట్టి, పాత యజమాని ఒకసారి మార్చేటప్పుడు చవక రకం వేయించి ఉండవచ్చు. అలాంటప్పుడు బండి నడుస్తుంది గానీ, ఆగినప్పుడు ఇంజిన్ ఆగడం మానేస్తుంది. కొనేముందు పొద్దున్నే ఎండ ముదరకముందు ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, ఏసీ కట్టేసి, న్యూట్రల్‌లో క్లచ్ వదిలి చూడండి. ఇంజిన్ ఆగకపోతే బ్యాటరీ మీద ఉన్న రకం చదివి, కొత్తదాని ధరను బేరంలోంచి తగ్గించమని అడగండి.